నా పేరున తీసిన ఈసీజీ

నాకు గుండె జబ్బు ఉందని బయటపడేనాటికి అరవై రెండేళ్ళు. అంతకుముందు నాకున్న జబ్బల్లా కోపం ఒక్కటేనని ఇంట్లో అనుకునేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నవాణ్ణి అలాగే పక్కకి ఒరిగిపోయాను. రెండో మగ్గం మీదున్న మా తమ్ముడు లేచి వచ్చి, నా చంకల్లో చేతులు వేసి పైకి లాగి, వీధి చివరి ఇంటివాళ్ళ కారులో బెజవాడ చేర్చాడు. గుండెకి వెళ్ళే నాళాలు మూడింట్లో రెండు పూడుకుపోయాయని డాక్టరు చెప్పాడు. ఒకదానికి స్టెంటు వేశారు. రెండోదాన్ని మందులతో చూద్దామన్నారు. ఇక మగ్గం మానేయమన్నారు. ఆ మాటకి తమ్ముడు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం, నలభై ఐదేళ్ళ పని మానమనడానికి మీరెవరని డాక్టరు మీద లేచాను. చింత చచ్చినా పులుపు చావలేదని మంచం పక్కనున్న నర్సమ్మ నవ్వింది.

ఇది జరిగిన ఏడాదికి నాకు జర్మనీ వెళ్ళే అవకాశం వచ్చింది. ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే అక్కడి చలి గురించీ, రైళ్ళ గురించీ నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాను. వెళ్ళడానికి ముందు నేనేం చేశానో ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది చాలు.

మా ఊరు బందరుకి కాస్త ఇవతల. మా వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లుండేది కాదు. మా చేనేత సంఘంలో ఇంటికి ఒక్కరికే సభ్యత్వం. నాన్న పోయాక, పెద్దవాణ్ణి కనక, అది నా పేరుకి మారింది. తమ్ముడు నాకంటే ఐదేళ్ళు చిన్న. వాడు నేసినా నేను నేసినా చీర సంఘానికి నా పేరు మీదే వెళ్ళేది. ఏ ఇంట్లోనైనా అంతే, అందులో తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు. నిజం చెప్పాలంటే పనితనం వాడిదే. నా నేతలో నా కోపం కనబడుతుందనేవాడు నాన్న. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు. వాడు నేసిన గుడ్డ మీద చెయ్యి వేస్తే ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా ఆగదు.

చేనేత శాఖవాళ్ళు వచ్చి మా సంఘంలో చీరలన్నీ తిరగేసి ఒకటి ఎంచారు. ముదురు నీలం, సన్నటి ఎర్ర అంచు. అది వాడు నేసింది. కాగితాల్లో పేరు నాది కనక పిలుపు నాకొచ్చింది. జర్మనీలో రెండు వారాల ప్రదర్శన. అక్కడ జనం ముందు కూర్చుని నేసి చూపించాలి. నేను ఉత్తరం పట్టుకుని వాడి మగ్గం దగ్గరికి వెళ్ళాను.

“ఇది నీ చీరరా,” అన్నాను.

“నీ పేరొకటీ నా పేరొకటీనా అన్నయ్యా? ఎళ్ళిరా. నాకు బెజవాడ దాటితేనే తల తిరుగుద్ది,” అన్నాడు.

నేను రెండోసారి అడగలేదు. అడిగితే సరేనంటాడేమోనని భయం. మగ్గం మానేసిన ఆ ఏడాదిలో ఊరంతా నన్ను రోగిలా చూడడం మొదలుపెట్టింది. మంచినీళ్ళు అడిగితే ముగ్గురు పరిగెత్తేవాళ్ళు. నేను వీధిలోకి వస్తే అరుగు మీద మాటలు ఆగిపోయేవి. నా భార్య పోయి అప్పటికి పదేళ్ళు, ఆడపిల్లలిద్దరూ అత్తవారిళ్ళలో ఉన్నారు. తమ్ముడి ఇంట్లో, మరదలు పెట్టింది తింటూ, గోడకి చేరగిలబడి చావు కోసం చూడడం నా వల్ల కాలేదు. ఒక్కసారి విమానం ఎక్కి వస్తే ఆ జాలి చూపులు పోతాయనుకున్నాను. మగ్గం మీద రోజుకో గంట కూర్చుంటే ఏమీ కాదని నాకు నేనే వైద్యుణ్ణయి తేల్చుకున్నాను.

ప్రయాణానికి నెలన్నర ముందు కాగితాల పని మొదలైంది. ఆ దేశం వీసా ఇవ్వాలంటే ప్రయాణ ఇన్సూరెన్స్ పాలసీ జత చెయ్యాలన్నారు. అరవై దాటినవాళ్ళకి ఆ పాలసీ కావాలంటే షుగరు పరీక్ష, ఈసీజీ, ఒక డాక్టరు సంతకం ఉండాలట. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద ఇన్సూరెన్స్ ఏజెంటు ఉన్నాడంటే అన్నదమ్ములిద్దరం బస్సెక్కాం. తమ్ముడికి ఆ రోజు ఆటోనగర్‌లో కూడా పని ఉంది. ప్రదర్శన జరిగే హాల్లో గుంట తవ్వనివ్వరు కనక, విప్పి మళ్ళీ బిగించుకునే ఇనుప ఫ్రేము మీద చిన్న మగ్గం కట్టాలి. లారీ బాడీలు కట్టే షెడ్డులో కూర్చుని, కొలతలన్నీ నోటితోనే చెప్పి, దాన్ని వాడే చేయిస్తున్నాడు.

ఏజెంటుకి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. మర్యాదస్తుడు. ఫారం ముందు పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్నే చదివాడు.

“బీపీ ఉందాండీ? షుగరుందాండీ? గుండెకి సంబంధించి ఎప్పుడన్నా ట్రీట్‌మెంట్ తీసుకున్నారాండీ?”

కోడిగుడ్డుకి ఈకలు పీకినట్టు ఈ ప్రశ్నలేమిటని విసుక్కున్నాను. “పోయినేడు స్టెంటు వేశారు. రాసుకో,” అన్నాను.

అతను కలం ఆపేశాడు. “రాయమంటే రాస్తానండీ. రాస్తే మాత్రం పైనించి వెనక్కొచ్చేసిద్దండీ బాబాయిగారూ. మీ వయసుకి, స్టెంటు పడి ఏడాదే కదండీ.”

“అయితే గుండెకి ఇవ్వొద్దు. మిగతా ఒంటికి ఇమ్మను.”

“గుండె తీసేసి మనిషికి ఇవ్వరండీ,” అన్నాడు.

సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గొంతు లేచింది. పక్కగదిలోంచి ఎవరో తొంగిచూశారు. తమ్ముడు నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

“అన్నయ్యా, నాకేం జబ్బు లేదుగా. నేను పడుకుని తీయించుకుంటా. పేరు నీది రాయించు,” అన్నాడు.

ఏజెంటు కిటికీలోంచి రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ, “నేనేం వినలేదండీ,” అన్నాడు.

మోసం చేస్తున్నామని మా ఇద్దరికీ తోచలేదు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా. చెయ్యి వాడిది, పేరు నాది. ఈసారి చేతికి బదులు గుండె, అంతే అనుకున్నాం.

పరీక్షల సెంటరు అక్కడికి దగ్గరే. నా పేరు పిలవగానే ఇద్దరం లేచాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. గబుక్కున కూర్చున్నాను. వాడు లోపలికి వెళ్తూ నాకేసి తిరిగి కన్నుగీటాడు.

పది నిమిషాల పని అన్నారు. ఇరవై దాటింది. ఈసీజీ తీసే అమ్మాయి తలుపు తీసి బయటికొచ్చి, “ఆ పెద్దాయనతో వచ్చింది మీరేనాండీ?” అంది.

“అవునమ్మా.”

“ఆయనకి ఇంతకుముందెప్పుడన్నా గుండెనొప్పి వచ్చిందాండీ?”

ఎవరేం అడిగినా లేదనే చెప్పాలని దారిలోనే అనుకున్నాం. “లేదమ్మా, ఎప్పుడూ రాలేదు,” అన్నాను. ఆ పేరుకి అది అబద్ధం, ఆ మనిషికి నిజం.

ఆమె లోపలికి వెళ్ళి రెండోసారి తీసింది. ఈసారి అక్కడి డాక్టరే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. డాక్టర్లు నిలబడి చెప్పేవి చిన్న సంగతులని నాకు ఏడాదిలో తెలిసింది.

“గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదండీ. పెద్దాయనకి తెలీకుండానే గుండెపోటు ఒకసారి వచ్చిపోయినట్టుంది కూడా. గుండె డాక్టరుకి చూపించండి. వచ్చే నెలా ఆ పై నెలా అనొద్దు. ఈ రెండ్రోజుల్లోనే,” అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇది నా తమ్ముడండీ, పేరు మార్చి పడుకోబెట్టామండీ, అని అరవాలనిపించింది. అరవలేదు. అంతలో వాడే చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. లోపల వాడికీ అదే మాట చెప్పినట్టున్నారు.

“చూశావా అన్నయ్యా, నీ పేరు చెప్పేసరికి మిషనుక్కూడా భయమేసింది. నీ జబ్బంతా నా మీద రాసేసింది,” అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మెట్లు దిగుతూ సగంలో ఆగి, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, గోడ పట్టుకున్నాడు. చెప్పు సరిగ్గానే ఉంది. నేను చూశాను.

కాగితాలు చూసి ఏజెంటు పెదవి విరిచాడు. “ఇవి పనికిరావండీ. వాళ్ళ మిషను పాతదైపోయుంటది. మీరు మళ్ళీ రానక్కర్లేదు, నేను వేరేచోట తీయిస్తా,” అన్నాడు. నేను రాకుండా నా ఈసీజీ ఎలా తీయిస్తావని అడగలేదు. అయిదో రోజుకల్లా పాలసీ వచ్చింది. దాని వెనక కొత్త ఈసీజీ నకలు పెట్టి ఉంది. నా పేరు, నా వయసు, ఏ వంకా లేని గుండె. అది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి కాగితాలు రెండూ నా దగ్గరే ఉండిపోయాయి. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే వాటిని కిటికీ దగ్గర పరిచాను. ఈసీజీ చదవడం నాకు రాదు. కానీ గీత ఎక్కడ తప్పిందో చూడడమే కదా నా వృత్తి. మిషను పాడైతే ఒక్కో కాగితంలో ఒక్కోలా తప్పాలి. ఈ రెండింట్లోనూ గీత ఒకేచోట, ఒకేలా కిందికి దిగింది. మగ్గం మీద పడుగు పోగులు దూర్చే అచ్చులో పన్ను వంగితే గుడ్డ పొడుగునా ఒకేచోట జాడ పడుతుంది. దారం మార్చినా పోదు. నా ఆస్పత్రి కాగితాలు తీసి పక్కన పెట్టాను. నా గీతలు వేరు. ఇది నా జబ్బు కాదు. మిషను తప్పూ కాదు. గోడ అవతల వాడు మగ్గం మీద నాడె ఆడిస్తున్న చప్పుడు వినబడుతోంది. కాగితాలు మడిచి నా పెట్టెలో బట్టల అడుగున పెట్టాను.

చెయ్యాల్సింది నాకు తెలుసు. వాణ్ణి నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే ఈ కాగితం మీద నా పేరెందుకుందో చెప్పాలి. చెబితే పాలసీ పోతుంది, వీసా పోతుంది. పేరు సంగతి ఎత్తకుండా, వాణ్ణి వాడి పేరుతోనే ఇంకోచోట చూపించవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను అడిగాను. అప్పుడు జబ్బని తేలితే, తమ్ముణ్ణి ఆస్పత్రిలో పడేసి అన్న దేశం పట్టుకు తిరుగుతున్నాడని ఊరు ఆడిపోసుకుంటుంది. తేలకపోతే వెళ్ళవచ్చు. అందుకని తేలకుండా ఉంచాను. ఇంతకంటే నెమ్మదిగా చెప్పే దారి నాకు దొరకలేదు.

“నేనొచ్చాక ఓసారి మా డాక్టరుకి చూపిద్దాంరా నిన్ను,” అన్నాను వాడితో.

“దున్నపోతులా ఉన్నా, నాకెందుకు?” అని తల ఎత్తకుండా జవాబిచ్చాడు. నాతో పంపాల్సిన చిన్న మగ్గానికి పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. ఆ పని వాడొక్కడే చెయ్యగలడు. వాడు ఆస్పత్రిలో పడితే మగ్గం తయారుకాదని కూడా నేను మనసులో లెక్కేసుకున్నాను.

నాలుగు రోజులు పోయాక మరదలు పెరట్లో బియ్యం చెరుగుతూ అడిగింది. “బావగారూ, ఆయనకి బెజవాడలో ఏదో టెస్టు చేయించారంటగా. ఏమన్నారండీ? అడిగితే నవ్వి ఊరుకుంటన్నారు.”

“ఏం లేదమ్మా. అది నా రిపోర్టు,” అన్నాను.

కాగితం మీద పేరు నాదే కనక అది అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. ఆమె ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ నా మాటకి ఎదురడిగి ఎరగదు. “పోన్లెండి,” అని చేట తీసుకుని లోపలికి వెళ్ళింది.

మాఘమాసంలో మగ్గాన్ని విప్పి చెక్కపెట్టెల్లో పెట్టి బెజవాడ వెళ్ళే వ్యానుకి ఎక్కించాం. మంచు ఇంకా విడవలేదు, అందరూ తలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ఇనుప ఫ్రేము ఉన్న పెట్టెని ఒకవైపు వాడు పట్టాడు. దించి నిలబడేసరికి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇంత చలిలో ఆ చెమటేమిటని ఎవరో అన్నారు. నేను వినబడనట్టు తాళ్ళు బిగించాను.

జర్మనీలో హాలు మా ఊరి సంతంత పెద్దది. నా ముందు ఒక కార్డు మీద నా పేరు రాసిపెట్టారు. వెనక గోడకి ఆ నీలం చీర. జనం వచ్చి నా ఫోటో తీసుకుని, చీర మీద వేళ్ళు పెట్టి, ఏదో మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. మాతో వచ్చిన ఆఫీసరు పాలసీ కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకోమన్నాడు. ఉంచుకున్నాను. ఆ రెండు వారాల్లో నాకు తలనొప్పి కూడా రాలేదు.

తొమ్మిదో రోజున ఆఫీసరు తన ఫోనులోంచి ఇంటికి కలిపి ఇచ్చాడు. తమ్ముడే తీశాడు.

“మగ్గం బాగా ఆడతందా అన్నయ్యా?”

“ఆడతందిరా.”

“ఎడమపక్క తొక్కుడుచెక్క కాస్త వదులుగా వదిలా. నువ్వు గట్టిగా తొక్కుతావుగా, అందుకని.” ఊపిరి వినబడింది. “రెండ్రోజుల్నుంచి ఎడం జబ్బ లాగేస్తంది. ఆ ఫ్రేము ఎత్తినప్పుడు పట్టేసినట్టుంది.”

నా నొప్పి మొదలైంది కూడా ఎడమ జబ్బలోనే. ఆ నొప్పి ఏమిటో మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఇప్పుడే బందరు ఆస్పత్రికి వెళ్ళు, నా పెట్టెలో బట్టల కింద కాగితాలున్నాయి, పట్టుకెళ్ళు. ఈ రెండు ముక్కలు చాలు. పక్కన ఆఫీసరు ఫోను కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ఇంకా అయిదు రోజులే, వెళ్ళగానే చూపిద్దాం అనుకున్నాను.

“ఏదన్నా బామ్ రాయించుకో,” అన్నాను.

“అట్టాగే. చలికి జాగర్త అన్నయ్యా,” అన్నాడు.

ఆ తర్వాత రెండుసార్లు చేస్తే వాడి కొడుకు తీశాడు. నాన్న నూలు కోసం బందరు వెళ్ళాడన్నాడు ఒకసారి, పడుకున్నాడన్నాడు ఇంకోసారి. పడుకున్నాడన్నప్పుడు వెనక ఇల్లంతా మనుషుల అలికిడి. నమ్మాలనిపించింది, నమ్మాను.

బెజవాడ స్టేషనుకి తమ్ముడు రాలేదు, మా పెద్దల్లుడు వచ్చాడు. కారులో ఉయ్యూరు దాకా కాలవలకి నీళ్ళు ఆపేసిన సంగతి చెప్పాడు. తమ్ముడు ఎందుకు రాలేదని నేను అడగలేదు. పామర్రులో కారు పక్కకి ఆపించి, సోడా తెచ్చి నా చేతిలో పెట్టి, “మావయ్యగారూ, కాస్త గుండె చిక్కబట్టుకోండి,” అన్నాడు.

నేను ఫోను చేసిన మర్నాడు పొద్దున పోయాడట. మగ్గం మీదే. బందరు తీసుకెళ్ళేసరికి ఊపిరి ఉంది, లోపలికి తీసుకెళ్ళాక పోయింది. దహనం కూడా అయిపోయింది. “మీ గుండె తట్టుకోదని అందరూ అనుకుని మీకు చెప్పలేదండీ,” అన్నాడు. మా వీధి వీధంతా ఆరు రోజులు నోళ్ళు కట్టుకుని నా గుండెని కాపాడింది.

ఇంటికి వెళ్ళేసరికి మరదలు మూల చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ముందు ఏడవలేదు. నా మొహంలోకి భయంగా చూసింది, నాకేమవుతుందోనని.

“బావగారూ, మీకు చెప్పొద్దన్నది నేనేనండీ. ఆయనెట్టాగూ పోయారు. అంత దూరాన మీక్కూడా ఏమన్నా అయితే మాకెవరున్నారండీ?” అంది. ఆమే మళ్ళీ అంది. “బందర్లో డాక్టరుగారు అడిగారండీ, ఈయనకి ఇంతకుముందెప్పుడన్నా ఈసీజీ తీయించారా అని. ఎప్పుడూ లేదండీ అని చెప్పా. ముందే తెలిసుంటే కాపాడేవాళ్ళమన్నారు. మనకెట్టా తెలుసుద్దండీ బావగారూ?”

కాళ్ళ మీద పడి చెప్పాల్సిన సమయం అది. వాణ్ణి దేవుడు తీసుకెళ్ళలేదమ్మా, నేను పంపించాను. నా పెట్టె అక్కడే, నాలుగు బారల దూరంలో ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది, నేనేం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా.

“మనకెట్టా తెలుసుద్దమ్మా,” అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళూ నా మాత్రలూ తెచ్చింది. “వేళ దాటిపోయిందండీ, వేసుకోండి,” అంది.

వేసుకున్నాను.